గిర్ని ఆగే ఆదివారం

మొన్న దసరా నాడు పొద్దున్నే పక్కింటి కోడలు పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని మా గేటు ముందు నిలబడింది. వాళ్లు కొత్తగా బ్యాటరీ కారు కొన్నారు. ఆయుధపూజ చేద్దామని ముందు మూత ఎత్తి చూస్తే లోపల ఇంజను లేదట. నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉందట, అందులో కూరగాయల సంచి పెట్టుకోవచ్చట. బొట్టు ఎక్కడ పెట్టాలో తోచక నన్ను అడగడానికి వచ్చింది. ఈ గల్లీలో ఇలాంటి సందేహాలన్నీ నా దగ్గరికే వస్తాయి. రిటైరైన పంతులమ్మకు అన్నీ తెలుసని జనం నమ్మకం, ఆ నమ్మకం చెడగొట్టడం నాకూ ఇష్టం లేదు. నీకు తోచినచోట పెట్టమ్మా, దీనికేం కాదు అన్నాను. ఆ మాట అంటూనే నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆ పిల్ల బిత్తరపోయి, కారును ఏమైనా వెక్కిరిస్తున్నానేమోనని ఒకసారి దాని వైపు, ఒకసారి నా వైపు చూసింది. బొట్టు ఎక్కడ పెట్టినా ఏం కాదన్నది అన్ని బండ్లకూ చెల్లదని, ఒకప్పుడు మా చిన్నాయన జీపుకు బొట్టు పెట్టిన చోటు వల్ల మా ఇల్లంతా పరేషాన్ అయిందని ఆమెకు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఆమెకు అవతల పులిహోర కలిపే పని ఉంది. అందుకని మీకు చెబుతున్నాను.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. జనగామలో స్టేషన్‌కు పోయే బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఆయనది. మేకులు, గొలుసులు, గడపారలనే గునపాలు, కొడవళ్లు, బావి గిలకలు, తాళాలు. దుకాణం వెనకే ఇల్లు. నేను వెనక గల్లీలో ఉండేదాన్ని, బడి లేని రోజులన్నీ అక్కడే. చిన్నాయన ఇనుమును కంటితో చూసేవాడు కాదు, చెవితో చూసేవాడు. బచ్చన్నపేట వైపు నుంచి పత్తిచేన్ల రైతులు గడపార కోసం వస్తే, దాన్ని గడప బండ మీద నిలువుగా ఒక్కసారి ఎత్తి వదిలేవాడు. అది ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలబడితే సరుకు మంచిది. మోత మొండిగా తెగిపోతే దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తీసేవాడు. కొనేవాళ్లు కూడా అలాగే అడిగేవాళ్లు, జర మోగించి ఇయ్యి సేటూ అని. మోగించకుండా ఇస్తే పాత సరుకు అంటగట్టాడని అనుమానపడేవాళ్లు. పొద్దంతా ఆ బండ మీద ఖంగు ఖంగుమని మోగుతూనే ఉండేది. పక్క బట్టల దుకాణం ఆయన అరవలేక అరవలేక బేరాలన్నీ వేళ్లతో సైగలు చేస్తూ చేసేవాడు.

ఇంటి పక్క రేకుల కొట్టంలో జీపు ఉండేది. ఆకుపచ్చ పెట్రోలు జీపు, నాకంటే వయసులో పెద్దది. ఊళ్లో అందరూ పెట్రోలు ఇంజన్లు తీసేసి డీజిలువి పెట్టించుకున్నప్పుడు, నువ్వూ మార్పించుకోరాదా అని మా నాయన సలహా ఇచ్చాడు. మంచిగున్న మనిషికి ఇంకొకని గుండె పెట్టిస్తారా అని చిన్నాయన రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. మా చిన్నమ్మకు ఆ జీపంటే గిట్టదని అందరూ అనుకునేవాళ్లు. కొట్టం గోడకు ఇవతలే ఆమె వంటిల్లు, కిటికీ సరిగ్గా జీపు ముక్కు ముందు తెరుచుకునేది. పప్పులోకి పెట్రోలు వాసన వస్తోందని ఆమె ఆ కిటికీ దగ్గర అనని రోజు లేదు. అయితే దసరా దాటి దీపావళి రాకముందు ఏటా కొత్తగూడలోని పుట్టింటికి పోవాలంటే మాత్రం ఆమెకు జీపే కావాలి. బస్సులో పోదామని ఎవరన్నా అంటే మొహం మాడ్చుకునేది. ఆ అడవి ఊళ్లో ఆమె తండ్రి ఇప్పపువ్వు, చింతపండు కొనే దుకాణం పెట్టుకుని బతికాడు. ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. ఆ తమ్ముడి గడప ముందు జీపులోంచి దిగకపోతే ఆమెకు పుట్టింటికి పోయినట్టే ఉండదు.

జీపు కథ తెలియాలంటే టైమింగు సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను తెలుగు పంతులమ్మను, నాకు అర్థమైనంతే చెబుతాను. పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరిని పిస్టను గట్టిగా అదుముతుంది. అదిమిన అదను చూసి నిప్పురవ్వ పడాలి. మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టనుకు మంట ఎదురు తిరుగుతుంది, ఇంజను లోపల కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది. ఆలస్యంగా పడితే బండికి సత్తువ ఉండదు, మిట్ట ఎక్కేచోట నీరసపడుతుంది. ఇప్పటి బండ్లలో ఆ అదను కంప్యూటరు చూసుకుంటుందట, ఆ జీపులో చిన్నాయన చూసుకునేవాడు. ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటరని గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది, దాని నెత్తి నుంచి నల్లటి వైర్లు పోతుంటాయి. అడుగున బోల్టు వదులు చేసి ఆ డబ్బాను ఒకవైపు తిప్పితే రవ్వ ముందు పడుతుంది, ఇంకోవైపు తిప్పితే వెనక పడుతుంది. ఎంత తిప్పాలో తెలియడానికి ఇంజను ముందున్న పుల్లీ అంచు మీద సన్నటి గాటు, దాని ఎదురుగా కదలని ముల్లు ఉంటాయి. గాటు మసిలో కనబడదని చిన్నాయన దుకాణంలోని ఎర్ర రంగు తీసి దాని మీద నిలువుగా గీత గీసుకున్నాడు. చిన్న బల్బును డిస్ట్రిబ్యూటరు వైరుకు కట్టి, హ్యాండిలు వేసి ఇంజనును చేత్తో తిప్పుతూ, ఎర్ర గీత ముల్లు దగ్గరికి రాగానే బల్బు వెలిగేటట్టు డబ్బాను సర్దేవాడు. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

ఆ తర్వాతే ఆయన అసలు పని. గీత ప్రకారం పెడితే బండి నడుస్తుంది గానీ, అరిగిన పాత ఇంజనుకు ఆ గీతకు ఇటో అటో ఒక వెంట్రుకవాసి ఉంటుంది, అది చెవికే తెలుస్తుందని ఆయన నమ్మకం. దానికి నిశ్శబ్దం కావాలి. ఎదురుగా పిండి గిర్ని. ఆదివారం పొద్దున చిన్నాయన కొట్టం ముందు నిలబడి చెయ్యెత్తితే గిర్ని ఆయన బెల్టు ఆపేసేవాడు. జొన్నల డబ్బాలతో వచ్చినవాళ్లు గొణగకుండా అరుగుల మీద కూర్చునేవాళ్లు. బట్టల దుకాణం ఆయన రేడియో కట్టేసేవాడు. ఎవరైనా కొత్తవాడు ఏమైందని అడిగితే, సేటు టైమింగ్ చూస్తుండు అని మెల్లగా చెప్పేవాళ్లు, లోపల కాన్పు జరుగుతున్నట్టు. చిన్నాయన ఇంజను మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఒక్కసారిగా యాక్సిలరేటరు తీగ లాగి వదిలేవాడు. డబ్బాను కాస్త తిప్పేవాడు. మళ్లీ లాగేవాడు. ఆయన ఏం వింటున్నాడో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పేవాడూ కాదు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి బోల్టు బిగించేవాడు. గిర్ని మళ్లీ తిరిగేది. జనం లేచి ఎవరి పని మీద వాళ్లు పోయేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, జనగామ ఇంకా జిల్లా కాకముందు, గిర్ని ఆగే సేపు పెరుగుతూ వచ్చింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తర్వాత జొన్నలవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. చిన్నాయన వంగినవాడు వంగినట్టే ఉండేవాడు, తల ఇటు తిప్పి ఒక చెవి, అటు తిప్పి ఒక చెవి. దుకాణంలో గడపారను ఒకటికి రెండుసార్లు మోగించేవాడు. మనం మాట్లాడితే, మీకు సెల్‌ఫోన్లు వచ్చినంక గొంతులు పోయినయి, అందరు గొణుగుతున్నరు అనేవాడు. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వాక, వాళ్ల మొహాలు చూసి తానూ నవ్వేవాడు. హనుమకొండలో చెవుల దవాఖానకు పోదామని నేను ఒకసారి అంటే, చెవులకు దవాఖాన ఏంది, కొబ్బరినూనె పోస్తే సరిపోతది అని కొట్టిపారేశాడు. ఇనుము మోగించి బతికినవాడు తన చెవి పోతోందని ఒప్పుకోవాలంటే ఎంత కష్టమో అప్పుడు నాకు అంతగా తెలియలేదు.

ఆ ఏడు దసరాకు ఏం జరిగిందో వరసగా చెబుతాను. మా చిన్నమ్మ శుభ్రం మనిషి. ఆమె శుభ్రం సంగతి తెలిసినవాళ్లు ఆమె ఇంట్లో నిలబడి ఉన్నా కాస్త కదులుతూ ఉంటారు, ఆగితే తడిగుడ్డతో తుడిచేస్తుందని. పండగ ముందు రోజు త్రాసులు, తాళాల గుత్తులు, సుత్తెలు, కత్తెరలు అన్నీ చింతపండుతో తోమి జీపు మీద పడింది. ఎప్పుడూ బయటి రేకు కడిగి వదిలేసేది. ఆ ఏడు ఏం తోచిందో బానెట్ ఎత్తి, కిరోసిన్ గుడ్డతో చేతికందిన ప్రతిదీ తుడిచింది. పుల్లీ నల్లగా జిడ్డు పట్టి ఉంటే దాన్ని ఇనుప పీచుతో రుద్దింది. మర్నాడు చిన్నాయన దుకాణంలో గల్లాపెట్టెకు పూజ చేస్తుంటే, జీపు పూజ ఈమె చేసింది. కుంకుమ రాలిపోతుందని నువ్వుల నూనెలో తడిపి మరీ పెట్టింది. వెడల్పు ఉన్నచోట గుండ్రటి బొట్టు, సన్నటి అంచులున్న చోట నిలువు బొట్టు. పుల్లీ అంచు సన్నగా ఉంటుంది కదా, దాని మీద చక్కగా నిలువు బొట్టు దిద్దింది. పాత ఎర్ర గీత ముందు రోజే ఇనుప పీచుతో పోయింది. అది గీత అని ఆమెకు తెలియదు, బొట్టు అని ఆయనకు తెలియదు.

తర్వాతి ఆదివారం కొత్తగూడ ప్రయాణం కోసం చిన్నాయన టైమింగు పెట్టాడు. పుల్లీ మీద ఎర్రగా, నిలువుగా గీత మిలమిలలాడుతోంది. మా ఆవిడ గీతను కూడా తోమి పెట్టిందే అని మురిసిపోయి ఉంటాడు. బల్బు కట్టాడు, సర్దాడు. చెయ్యెత్తి గిర్ని ఆపించి, తల అటూ ఇటూ తిప్పి, బోల్టు బిగించాడు. చెవులు సరిగ్గా ఉన్న రోజుల్లో అయితే మొదటి లాగుకే ఆయన ఉలిక్కిపడేవాడు. ఆ బొట్టు గాటుకు బొటనవేలి మందం ముందు ఉంది. అంటే రవ్వ పడాల్సినదాని కంటే బాగా ముందు పడుతోంది. ఆపి, బయల్దేరడానికి హ్యాండిలు వేసి మళ్లీ స్టార్ట్ చేయబోతే అది ఎదురు తన్ని ఆయన మణికట్టు బెణికింది. దానికి పసుపు పట్టు వేసుకుని, చూసొద్దాం పదండి అని నన్నూ చిన్నమ్మనూ ఎక్కించుకుని బచ్చన్నపేట దారిలో ఉన్న మిట్టకు తీసుకుపోయాడు. జీపును పరీక్షించేది ఎప్పుడూ ఆ మిట్ట మీదే.

మిట్ట మొదలవగానే ఇంజను లోపల ఎవరో పిడికెడు గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. చేనులో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నడుములెత్తి మా వైపు చూశారు. చిన్నాయన మాత్రం హాయిగా స్టీరింగు పట్టుకుని, ఎట్లుంది అని అడిగాడు. నేను వెనక కూర్చున్నాను, కిటికీ బయటికి చూశాను. బానే ఉంది అంది చిన్నమ్మ. ఆమె అబద్ధం ఆడటం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఆయన ఆమె మొహం వైపు చూశాడు, అద్దంలో నా మొహం చూశాడు. మిట్ట ఎక్కాక పక్కకు ఆపి తాళం చెవి తీసేశాడు. తీసినా ఇంజను వేడికి ఇంకా దడదడా ఊగుతూనే ఉంది. అది చెవికి కాకపోయినా చేతికి తెలిసింది ఆయనకు. అది ఆగేదాకా స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"కొట్టుకుంటుందా?" అన్నాడు చివరికి.

చిన్నమ్మ తల ఊపింది.

"నాకు ఇనవడుతలేదే. ఎప్పటి సంది గిట్ల?"

"బండా, మీ చెవులా?"

"చెవులే."

"రెండు మూడేండ్ల సంది," అంది చిన్నమ్మ మెల్లగా. తర్వాత, ఆయనకు వినపడలేదేమోనని, చెయ్యి పట్టుకుని ఇంకోసారి గట్టిగా చెప్పింది.

ఇంటికి రాగానే ఆయన, జీపు అమ్మేస్తున్న అన్నాడు. భూపాలపల్లిలో పాత బండ్ల పిచ్చి ఉన్న బొగ్గుబావి ఉద్యోగి ఒకాయన ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు, ఆయనకే ఫోను చేశాడు. ఈ ఏడు కొత్తగూడకు బస్సులో పోదామన్నాడు. చిన్నమ్మ సరే అంది. ఆ సరే అనడం చూసి నాకు ఏడుపొచ్చింది. జీపు పోతే పోయింది, పాతదే. కానీ దానితో పాటు ఆయన ఆదివారాలు పోతాయి, గల్లీలో చెయ్యెత్తి నిలబడే మనిషి పోతాడు. గల్లా దగ్గర కూర్చుని అందరి పెదాల వైపు చూసే ముసలాయన మిగులుతాడు. అది చిన్నమ్మకూ తెలుసు. ఆ వారమంతా ఆ ఇంట్లో గడపార మోత వినపడలేదు. రైతులు అడిగినా, అన్ని మంచియే, తీస్కపోండ్రి అని ఇచ్చేశాడు.

కొట్టుకునే బండిని అమ్మడం మా ఇంటా వంటా లేదు. సరిచేసి అప్పజెప్పాలని చిన్నాయన తన స్నేహితుణ్ణి పిలిచాడు. ఆయన బస్టాండు దగ్గర బ్యాటరీల దుకాణం నడిపే ముస్లిం పెద్దాయన, మాకందరికీ చాచా. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. వచ్చి చూసి, గీత కరెక్టుగానే ఉంది అన్నాడు. డిస్ట్రిబ్యూటరు డబ్బాలో పాయింట్లు మార్చాడు, కండెన్సరు మార్చాడు, వైర్లు మార్చాడు. ప్రతిసారీ ఎర్ర గీత చూసే బల్బు కట్టాడు, ప్రతిసారీ జీపు గులకరాళ్లు నమిలింది. చాచా పాపం తన పనితనం మీద తనకే అనుమానం వచ్చి, ఈ బండికి దిష్టి తగిలింది సేటూ అన్నాడు. భూపాలపల్లి ఆయన మర్నాడు వస్తాడనగా మళ్లీ ఇద్దరూ బానెట్‌లో తలలు దూర్చి పుల్లీ వైపు చూస్తూ ఉన్నారు. నేను కొట్టం గడపలో నిలబడి ఉన్నాను. చిన్నమ్మ చాయ్ తెచ్చింది. వాళ్లు దేన్ని అంత దీక్షగా చూస్తున్నారా అని తానూ వంగి చూసింది. ఆ మొహం ఎంత వెలిగిందో.

"నా బొట్టు ఇంకా చెక్కుచెదరలే. నూనెల తడిపి పెట్టిన, గందుకే," అంది.

చాచా చేతిలో చాయ్ కప్పు అలాగే ఉండిపోయింది. ఏ బొట్టు అని అడిగాడు. ఆమె వేలుపెట్టి చూపించింది. చాచా పెట్రోలు గుడ్డ తీసుకుని ఆ ఎర్ర గీత మీద ఒక్కసారి రుద్దాడు. గీత మొత్తం గుడ్డకు వచ్చేసింది. వాసన చూశాడు. సేటూ, గిది కుంకుమ అన్నాడు. హ్యాండిలుతో పుల్లీని కాస్త తిప్పేసరికి, బొటనవేలి మందం అవతల అసలు గాటు బోడిగా కనిపించింది. చాచా మొదట నవ్వాడు, తర్వాత నేను. చాచా చిన్నాయన చెవి దగ్గరికి పోయి గట్టిగా అంతా చెప్పాడు. చిన్నాయన పుల్లీ వైపు, చిన్నమ్మ వైపు చూసి, గోడకు చేరబడి కళ్లలోంచి నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఒక్క చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. దేవుని బొట్టు పెట్రోలు గుడ్డతో తుడుస్తారా అని ఆమెకు కోపం. చాచా చెంపలు వేసుకున్నాడు.

నవ్వు ఆగాక చిన్నాయన మొహం మళ్లీ పడిపోయింది. బొట్టు తప్పు కాదు, చెవులుంటే మొదటి రోజే పట్టుకుందును అన్నాడు. చాచా అసలు గాటుకు బల్బు కట్టి టైమింగు పెట్టాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. చిన్నాయన చెయ్యెత్తలేదు, కొట్టం మూలన ముక్కాలిపీట మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. నేనే బయటికి పోయి గిర్ని ఆయన్ను ఆపమన్నాను. చాచా తీగ లాగి వదిలి, గీత ప్రకారం ఇది సరే, ఇక వెంట్రుకవాసి అంటావా, అది నా చెవికి అందదు అన్నాడు. చాయ్ కప్పులు తీసుకుని లోపలికి పోబోతున్న చిన్నమ్మ ఆగింది.

"జర వెనక్కి తిప్పు అన్నా. ఆవాలు ఇంకా చిటపటమంటున్నయి," అంది.

చాచా ఆమె వైపు చూశాడు. అర్థం కాకపోయినా డబ్బాను కొంచెం తిప్పి తీగ లాగాడు. ఇప్పుడు నూనె కాగనే లేదు, బండి మూలుగుతోంది అంది. ముందుకు తిప్పాడు. ఇంకొంచెం, కాదు, అంత వద్దు. ఆమె కప్పులు కింద పెట్టేసి, కళ్లు మూసుకుని నిలబడింది. చాచా మళ్లీ లాగాడు. నాకు కూడా వినిపించింది: లాగినప్పుడు ఒకటి రెండు చిన్న టిక్కులు, వెంటనే హాయిగా ఊపిరి తీసినట్టు ఇంజను గొంతు పైకి లేచింది. గంతే, ఒకటి రెండు గింజలు చిట్లి ఆగాలె, బోల్టు బిగించు అంది చిన్నమ్మ. చిన్నాయనకు ఆ మాటలేవీ వినపడలేదు. కానీ ఆమె కళ్లు మూసుకోవడం, తెరవడం ఆయన చూశాడు. చాచా బోల్టు బిగించడం చూశాడు. పీట మీంచి లేచి వచ్చాడు. ఏమన్నది అని చాచాను అడిగాడు. చాచా చెప్పాడు. చిన్నాయన చాలాసేపు చిన్నమ్మను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఒకటి రెండు టిక్కులు వినిపించి ఆగిపోవాలన్నదే ఆయన ఇన్నేళ్లు విన్నది, ఎవరికీ చెప్పనిది.

"నీకెట్ల తెలుసే?"

"కిటికీ అవతల నా పొయ్యి ఉంది. పెండ్లయిన కాడికెల్లి గదే ఇంటున్న. మీరు ఎప్పుడు బోల్టు బిగిస్తరో నాకు తెల్వదా?"

ఈ మాట ఆమె ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది కాబట్టి ఆయనకే కాదు, గిర్ని దగ్గర కూర్చున్న వాళ్లకూ వినపడింది. అరుగుల మీద ఆడవాళ్లు నవ్వుకున్నారు. చిన్నాయన సిగ్గుపడ్డాడు. ఆ వయసులో, ఆ మనిషి సిగ్గుపడటం నేను చూశాను.

భూపాలపల్లి ఆయన మర్నాడు అన్నట్టే వచ్చాడు. రావద్దని ఫోను చేద్దామని అందరం అనుకున్నాం, ఆ సంబరంలో ఎవరూ చేయలేదు. చిన్నమ్మ ఆయనకు పప్పూ అన్నం, ఆవకాయ, గారెలు పెట్టింది. చిన్నాయన మిట్టదాకా తీసుకుపోయి జీపు ఎంత బాగా ఎక్కుతుందో చూపించి, ఇందుకే అమ్ముతలేను అని చెప్పాడు. పాపం ఆయన మంచివాడు. నేనైనా అమ్మను లెండి అని గారెల పొట్లం పట్టుకుని బస్సెక్కాడు.

ఆ వారమే కొత్తగూడ పోయాం. పెద్దవంగరలో ఆగి చాయ్ తాగాం, మానుకోట దాటాక మరమరాలు కొనుక్కున్నాం. అడవి మొదలయ్యాక దారి ఎత్తులూ పల్లాలూ. ఎత్తు వచ్చినప్పుడల్లా చిన్నమ్మ తల కొద్దిగా పక్కకు వంచి వినేది. ఇంజను బరువు పడుతున్నట్టు అనిపిస్తే ఆయన మోచేతి మీద వేళ్లతో తట్టేది, ఆయన గేరు మార్చేవాడు. ఒకసారి ఊరికే తట్టింది. ఎందుకు అని ఆయన చూస్తే, ఏం లేదు, మంచిగ పోతుంది అని సైగ చేసింది. తమ్ముడి గడప ముందు దిగేటప్పుడు ఆమె వెంటనే దిగలేదు. ఊళ్లోవాళ్లంతా చూసేదాకా ముందు సీట్లో కూర్చుని, ఇంజను ఆపొద్దని ఆయనకు చేత్తో చెప్పి, కాసేపు విని అప్పుడు దిగింది. పప్పులో పెట్రోలు వాసన గురించి ఆ తర్వాత కూడా అనడం మాత్రం మానలేదు.

చిన్నాయన దవాఖానకు కూడా పోయాడు, తర్వాత. చెవి మిషను పెట్టించారు. దాంతో మనుషుల మాటలు వినపడేవి గానీ, ఇనుము మోతా ఇంజను మోతా అందులో ఒకేలా గరగరమనేవట. అందుకని ఆదివారం పొద్దున దాన్ని తీసి జేబులో వేసుకుని, చేతిలో స్పానరు పట్టుకుని, చిన్నమ్మ మొహం చూస్తూ టైమింగు పెట్టేవాడు. ఆమె కనుబొమ్మ లేస్తే వెనక్కి, పెదవి విరిస్తే ముందుకు. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు కూడా, ఇంత తిప్పమంటే అంత తిప్పిన్రు అని ఆమె, నువ్వు మొహం సరిగ్గ పెట్టు అని ఆయన. అన్నేళ్ల కాపురంలో వాళ్లు ఒకరి మొహం ఒకరు అంతసేపు చూసుకున్నది ఆ ఆదివారాల్లోనే అయి ఉంటుంది.

ఇద్దరూ ఉన్నారు, చల్లగా. దుకాణం వాళ్ల కొడుకు చూసుకుంటున్నాడు. జీపు నెలకోసారి కదులుతుంది. దసరా వెళ్లాక, పక్కింటి కోడలి కారు చూసి నవ్విన ఆ వారమే, నేను వాళ్లింటికి పోయాను. ఆదివారమే. చిన్నాయన బోల్టు వదులు చేసి సిద్ధంగా ఉన్నాడు, చిన్నమ్మ పీట మీద కూర్చుని ఉంది. తీగ లాగాడు. ఆమె కనుబొమ్మ లేవలేదు, పెదవి విరవలేదు. మళ్లీ లాగాడు. ఆమె ఆయన వైపు కాకుండా నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు అందరూ నవ్వాక నవ్విన చిన్నాయన మొహంలో చూశాను. ఏమీ అనకుండా లేచి, పీట నా వైపు జరిపి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నాకేం తెలుసు, నేను తెలుగు పంతులమ్మను. చిన్నాయన స్పానరు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు, చిన్నమ్మ నా వెనక నిలబడి ఉంది. కళ్లు మూసుకుని విన్నాను. తెరిచి, జర వెనక్కి అన్నాను. కాలం ఒకరి దగ్గర తీసుకున్నది ఇంకొకరికి ఇస్తూ పోతుందని ఇన్నాళ్లూ పిల్లలకు పాఠం చెప్పాను గానీ, అది నా చేతికి వచ్చేసరికి ఇంత భయం వేస్తుందని, ఇంత సంతోషం వేస్తుందని ఆ పూటే తెలిసింది.